లారీకి కూడా నొగ కావాలి

కరీంనగర్ అనగానే చాలామందికి వెండితీగ పని జ్ఞాపకం వస్తుంది. ఆదిలాబాదు అనగానే పత్తి, టేకు అడవులు, కుంటాల జలపాతం జ్ఞాపకం వస్తాయి. మధ్యలో నిర్మల్ తగిలితే పొణికి కర్ర బొమ్మలు కొనకుండా ఇల్లు చేరేవారు అరుదు. వీటిని గురించి ఎన్నో వ్యాసాలు వచ్చాయి. ఇక ముందూ వస్తాయి. కాని ఈ రెండు పట్టణాల మధ్య రాత్రింబవళ్ళు తిరిగే లారీల కడుపు కింద ఒక వస్తువు ఉన్నది. దాన్ని గురించి ఎవరూ రాయరు. రాయకపోవటానికి కారణం కూడా లేకపోలేదు. దాన్ని చూడాలంటే వీపు నేలకు ఆనించి పడుకోవాలి!

ఆ వస్తువు పేరు కమాను కట్ట.

కమాను అంటే పారశీక భాషలో విల్లు. ఉక్కు పట్టీలను విల్లులా వంచి, ఒకదాని మీద ఒకటి పేర్చి, నడుమ ఒక బోల్టు దిగేస్తారు. అన్నిటికంటె పొడుగుపాటి పట్టీని మెయిను పట్టీ అంటారు. దాని రెండు కొసలనూ చుట్టచుట్టి కన్నులు చేస్తారు. ఆ కన్నుల్లో బుష్షులు పెట్టి లారీ చట్రానికి తగిలిస్తారు. కట్ట నడుముని యూ-బోల్టులతో ఇరుసుకు బిగిస్తారు. ఇంతే దాని నిర్మాణం. ఇంత సాదా వస్తువు మీద ఈ దేశంలో ధాన్యమూ, బొగ్గూ, బండరాయీ, పెళ్ళివారూ అందరూ ప్రయాణం చేశారు. నిజాం రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 1932 జూన్ నెలలో 27 బస్సులతో మొదలైనప్పుడు ఆ బస్సులకు ఉన్నవీ కమాను కట్టలే. ఖరీదైన బస్సులకు ఇప్పుడు గాలి తిత్తులు వచ్చాయి గనక ప్రయాణికులు హాయిగా నిద్రపోతున్నారు. సరుకు లారీల్లో ఎక్కువ భాగం మాత్రం ఇంకా కమాను కట్టల మీదనే నడుస్తున్నాయి.

కరీంనగర్ నుంచి ఆదిలాబాదు వెళ్ళటానికి దారులు చాలా ఉన్నాయి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, కమ్మర్‌పల్లి మీదుగా ఆర్మూరు చేరి, అక్కడ పెద్ద రోడ్డెక్కి, సోన్ దగ్గర గోదావరి దాటి, నిర్మల్ మీదుగా వెళ్ళేది ఒక దారి. మొత్తం 250 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. దగ్గరి దారి కాకపోయినా బరువు బండ్లు దీన్ని ఇష్టపడతాయి. ఈ దారిన బియ్యం బస్తాల లారీలో కూర్చుని వెళ్ళే అవకాశం దొరికింది. అయితే ఆ లారీ బయలుదేరటానికి ముందు ఒక పూటంతా షెడ్డులో నిలబడింది. చెప్పుకోదగ్గ సంగతులన్నీ ఆ పూటే జరిగాయి.

*షెడ్డులో తగాదా*

ఊరి చివర వరసగా రేకుల షెడ్లు. ఒకదాంట్లో టైర్లు, ఒకదాంట్లో రేడియేటర్లు, ఒకదాంట్లో కమాన్లు. ఎదుట గ్రానైటు బండ మోసుకుపోతున్న లారీలు. కరీంనగర్ చుట్టుపక్కల గుట్టల్లో దొరికే గోధుమరంగు గ్రానైటుకు విదేశాల్లో టాన్ బ్రౌన్ అని పేరు. చూడటానికి ఒక్క రాయి, అంతేగదా అనిపిస్తుంది. మూడు మీటర్ల పొడుగు, మీటరున్నర వెడల్పు, మీటరున్నర ఎత్తు ఉన్న బండ బరువు లెక్కకడితే 18 టన్నుల పైచిలుకు వస్తుంది. అలాంటి బండల్ని మోసే ఊళ్ళో కమాను మేస్త్రీకి పని కరువుండదు.

మేస్త్రీ అరవై దాటినవాడు. తెల్లగడ్డం, నల్లటి చేతులు. అందరూ చాచా అని పిలుస్తున్నారు. మన లారీ పది చక్రాలది. దాని డ్రైవరు ముప్ఫై ఏళ్ళ కుర్రవాడు. జగిత్యాల వైపు పల్లెటూరివాడు. వాళ్ళిద్దరి మధ్యా తగాదా నడుస్తున్నది. తగాదా అంటే కోపాలతో కాదు, తండ్రీ కొడుకుల మధ్య నడిచేలాంటిది.

"చాచా, సేటు రెండు పట్టీలు ఎక్కువ ఎయ్యమన్నడు. ఎయ్యి, పోతం."

"ఎయ్యొచ్చు తమ్మీ. గని నీ బండి రోగం పట్టీలది కాదు, రాడ్లది. కడుపు నొస్తే కాలికి కట్టు కడ్తవా?"

"రాడ్డుకేమైంది? ఇరగలే గద?"

చాచా మాట్లాడకుండా ఒక గడ్డపార తీసుకుని బండి కిందికి దూరాడు. ఇరుసుకూ చట్రానికీ మధ్య పడుకున్న లావుపాటి ఇనుపకడ్డీ కొస దగ్గర గడ్డపార మొన పెట్టి ఒక్క పోటు పొడిచాడు. కడ్డీ కొస వేలెడంత కదిలింది. లోపలి రబ్బరు బుష్షు పొట్టయి రాలింది.

"ఇగో, సూడు. గిది పండ్లు ఊడిన నోరు. దీంతోని నిర్మల్ గట్టెక్కుతవా?"

డ్రైవరు తల గోక్కున్నాడు. సేటుకు ఫోను చేశాడు. అవతలి మాటలు మనకు వినపడలేదు కాని, డ్రైవరు వాటిని చాచాకు అందించాడు: "బుష్షులు మారిస్తే ఏమొస్తది అంటుండు చాచా. పట్టీలేస్తే ఇంకో మూడు నాలుగు టన్నులు ఎక్కుతయంట."

"ఏం రాదని చెప్పు. పోయేది పోదని చెప్పు" అన్నాడు చాచా.

ఈ మాటలో చాలా ఉన్నది. అది అర్థం కావాలంటే ఒక్క నిమిషం ఎడ్లబండి దగ్గరికి వెళ్ళాలి.

*ఎడ్లబండి చెప్పే పాఠం*

ఎడ్లబండికి చక్రం దానంతటది తిరగదు. ఎద్దులు కాడిని లాగుతాయి. కాడి నొగను లాగుతుంది. నొగ బండిని లాగుతుంది. బండి కదిలితే చక్రం దొర్లుతుంది. ఇరుసుకు బరువు మోయటం ఒక్కటే పని. లాగే పని నొగది, మోసే పని ఇరుసుది. ఎవరి పని వారిదే.

మోటారు బండిలో ఈ ఏర్పాటు తలకిందులైంది. ఇంజను చక్రాన్ని తిప్పుతుంది. చక్రం నేలను వెనక్కి తంతుంది. నేల చక్రాన్ని ముందుకు నెడుతుంది. చక్రం ఇరుసును నెడుతుంది. మరి ఇరుసు లారీని దేనితో నెట్టాలి? నొగ లేదు గదా! ఇరుసుకూ లారీకీ ఉన్న బంధుత్వమల్లా కమాను కట్టే. కాబట్టి మోసే కట్టే నెట్టాలి కూడా. ఆరు చక్రాల మామూలు లారీల్లో ఈనాటికీ ఇదే ఏర్పాటు. ఫ్రాన్సు దేశపు హాచ్‌కిస్ కంపెనీ పేరు మీద దీన్ని హాచ్‌కిస్ పద్ధతి అంటారు. చవక, సులభం, వందేళ్ళకు పైగా నడుస్తున్నది.

మూడో పని కూడా ఒకటుంది. అదే అసలు చిక్కు. బావిలోంచి నీళ్ళు తోడే గిలకను గట్టిగా ఒకవైపు తిప్పబోతే, అది బిగించి ఉన్న దూలం రెండోవైపు మెలి తిరగబోతుంది. అలాగే ఇంజను చక్రాన్ని ముందుకు తిప్పుతున్నప్పుడు ఇరుసు డొల్ల వెనక్కి తిరగబోతుంది. దాని ముక్కు పైకి లేస్తుంది. ఇరుసుకు బిగించి ఉన్న కమాను కట్ట ముందు సగం పైకి ఉబ్బుతుంది. వెనక సగం కిందికి వంగుతుంది. విల్లులాగా ఉండవలసినది పాములాగా మెలికపడుతుంది.

ఆ మెలిక ఎంతో లెక్క వేద్దాం. మీటరు పొడుగు కర్ర చివర 60 కిలోల మనిషి వేలాడితే ఎంత తిప్పు బలం వస్తుందో, ఒక లారీ ఇంజను అంత బలం ఇస్తుందనుకోండి. మొదటి గేరులో అది 7 రెట్లవుతుంది. ఇరుసులోని పళ్ళచక్రాల దగ్గర మళ్ళీ 6 రెట్లవుతుంది. మొత్తం 42 రెట్లు. అంటే అదే మీటరు కర్ర చివర 2,520 కిలోలు వేలాడదీసినట్టు. చక్రం సగం మీటరు వ్యాసార్ధమైతే నేలను తన్నే బలం 5 టన్నులు దాటుతుంది. ఈ తన్నునూ ఈ మెలికనూ కమాను కట్ట భరించాలి; పైన ఉన్న బస్తాల బరువు సరేసరి!

నిలబడి ఉన్న బండిని ఎత్తున కదిలించేటప్పుడు ఇంకో తమాషా జరుగుతుంది. కట్ట మెలికపడి బిగుసుకుంటుంది. చక్రం గులకరాయి మీద జారుతుంది. జారగానే మెలిక విడిపోయి కట్ట తన చోటికి ఎగిరి వస్తుంది. వచ్చేసరికి చక్రానికి మళ్ళీ పట్టు దొరుకుతుంది. మళ్ళీ మెలిక, మళ్ళీ జారు. సెకనుకు కొన్నిసార్లు ఇలా అయ్యేసరికి చక్రం నేల మీద గంతులు వేస్తుంది. ఆ గంతుల్లో సెంటరు బోల్టు తెగుతుంది, యూ-బోల్టు వదులవుతుంది, మెయిను పట్టీ కన్ను దగ్గర చిట్లుతుంది.

చాచా ఈ లెక్కలు వేయలేదు. "గుంతల పడ్డప్పుడు కొన్ని ఇరుగుతయి సార్. గని ఆగిన బండిని లేపేటప్పుడు, ఉరికే బండిని ఆపేటప్పుడు ఇరిగేవే ఎక్కువ" అన్నాడు. లెక్కకూ ఆయన మాటకూ తేడా ఏమీ లేదు.

*అమెరికా కుర్రకారు కనిపెట్టిన ఉపాయం*

ఈ తిప్పలు మన లారీలవే కావు. 1930ల నుంచీ అమెరికాలో కాలిఫోర్నియా కుర్రవాళ్ళు పాత ఫోర్డు కార్లు చవగ్గా కొని, రెక్కలూ బరువులూ పీకేసి, పెద్ద ఇంజన్లు బిగించి, ఎండిన చెరువుల్లో పందేలు వేసేవారు. ఆ కార్లకు హాట్ రాడ్లని పేరు వచ్చింది. 1951లో వాటికొక జాతీయ సంఘం కూడా ఏర్పడింది. కమాను కట్టల మీద నిలిచిన ఇరుసుకు అంత బలం తగిలించేసరికి, పందెం గీత దగ్గర కారు ముందుకు ఉరకటానికి బదులు వెనక చక్రాలు గంతులు వేసేవి.

అందుకు వాళ్ళు చేసిన ఉపాయం ట్రాక్షన్ బారు. అది ఒక గట్టి ఇనుపకడ్డీ. ఒక కొసను ఇరుసుకు బిగిస్తారు. రెండో కొస ముందుకు వెళ్ళి చట్రం దగ్గర ఆనుతుంది. ఇరుసు ముక్కు లేవబోతే కడ్డీ దాన్ని లేవనివ్వదు. మెలిక కడ్డీకి, బరువు కట్టకు పంపకం అయిపోయింది. 1965లో వచ్చిన షెల్బీ వారి జీటీ-350 అనే ముస్తాంగ్ కారుకు ఈ బారులను కంపెనీ వారే బిగించి అమ్మారు. 1967 కమారో కార్లలో ఎక్కువ బలమున్న కొన్నిటికి ఒక పక్క మాత్రం కడ్డీ పెట్టారు.

చెప్పినంత తేలిక కాదు దీన్ని అమర్చటం. కమాను కట్ట కిందికీ పైకీ ఊగేటప్పుడు ఇరుసు ఒక వంపులో కదులుతుంది. కడ్డీ ఊగే వంపు వేరు. రెండు కొసలూ బిర్రుగా బిగిస్తే ఆ రెండు వంపులూ పేచీపడి కారు స్ప్రింగే లేనట్టు బిగుసుకుపోతుంది. అందుచేత కొందరు ముందు కొసకు ఊగే లంకె పెడతారు. మరికొందరు ముందు కొసను దేనికీ తగిలించరు. కట్ట ముందు కన్ను సరిగా కిందికి వచ్చేలా ఒక రబ్బరు దిమ్మ పెట్టి, కొంచెం సందు వదులుతారు. మామూలుగా నడిచేటప్పుడు అది దేన్నీ తాకదు. మెలిక పడబోయినప్పుడు మాత్రం దిమ్మ పైకి లేచి కన్నుకు ఆనుతుంది. దిమ్మ కన్ను కిందనే ఉండాలి. వెనక్కి జరిగి పట్టీ మధ్య తగిలితే పట్టీని తానే విరగ్గొడుతుంది.

సందు కూడా రెండు పక్కలా ఒక్కటే కాకపోవచ్చు. ముందున్న ఇంజను నుంచి వెనక ఇరుసుకు వెళ్ళే షాఫ్టు తిరిగే తీరును బట్టి కుడి వెనక చక్రం మీద బరువు తేలికవుతుంది. అందుచేత పందెగాళ్ళు కుడివైపు సందు తగ్గిస్తారు. కొలతలన్నీ కారు తన చక్రాల మీద, మామూలు బరువుతో, చదునైన నేల మీద నిలబడి ఉన్నప్పుడే తీయాలి. జాకీ ఎత్తి ఇరుసును వేలాడదీసి తీసిన కొలత కొలత కాదు.

మన పక్క పాత జీపులున్నవారికి ఇదంతా కొత్త కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ జీపుల్లో ముందు ఎడమ కమాను కింద ఒక అదనపు పట్టీ ఉండేది. బ్రేకు వేసినప్పుడు పడే మెలికను తట్టుకోవటానికి పెట్టినది అది. బరువు కోసం పెట్టిన పట్టీ కాదు.

*చాచా కడ్డీ*

పది చక్రాల లారీకి వెనక రెండు ఇరుసులు జంటగా ఉంటాయి. ఈ జంటలో కమాను కట్ట రెండు ఇరుసుల మీదా ఒక కావడిలాగా కూర్చుంటుంది. దాని కొసలు ఇరుసుల మీద అటూ ఇటూ జారగలవు. జారే కొస దేన్నీ నెట్టలేదు, లాగలేదు. అందుచేత ఆ పనికి వేరే కడ్డీలు పెట్టి తీరాలి. వాటినే టార్కు రాడ్లంటారు. అమెరికా కుర్రవాడు సరదాకు పెట్టుకున్నది కరీంనగర్ లారీకి ప్రాణావసరం. ట్రాక్షన్ బారుకు ఇది అక్క వరస. ఎడ్లబండి నొగకు మనవరాలు.

చివరికి సేటు బుష్షులకు ఒప్పుకున్నాడు. పట్టీల మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తినా చాచా వేసేవాడు కాదేమో. 2018లో ప్రభుత్వం మూడు ఇరుసుల లారీకి మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచింది. ఆ పైన వేసేది దొంగ బరువే. రెండు పట్టీలు ఎక్కువ వేసినంత మాత్రాన బ్రేకులు పెరగవు, టైర్లు పెరగవు, ఇరుసు లావు కాదు. కట్ట బిర్రుబడి గుంతలో పడ్డ దెబ్బంతా చట్రానికి పోతుంది. మెలికను ఆపవలసిన రాడ్డు మాత్రం పండ్లూడిన నోటితోనే మిగిలిపోతుంది.

పని జరిగిన తీరు చూడముచ్చటగా ఉంది. ముందు బండిని చదును నేల మీదికి తెచ్చి చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టారు. యూ-బోల్టుల బిగువు చూశారు. అవి వదులుగా ఉంటే మిగతా పనంతా వృథా. ఒక్కొక్క రాడ్డే విప్పి, పాత బుష్షులు నొక్కి తీసి, కొత్తవి నొక్కారు. రాడ్లు తగిలించిన తరువాత చాచా టేపు తీసి చట్రం మీది ఒక గుర్తు నుంచి ఇరుసు దాకా కుడివైపు కొలిచాడు, ఎడమవైపు కొలిచాడు. ఒక పక్క ఎక్కువ వచ్చింది. పలచని రేకులు పెట్టి రెండూ సమానం చేశాడు. ఆ తేడా వదిలేస్తే ఇరుసు వంకరగా కూర్చుని బండి పీతలాగా పక్కవాటుగా నడుస్తుంది, టైర్లు ఒరుసుకుపోతాయి.

చివరి బిగింపు లారీ బరువంతా చక్రాల మీద నిలిచి ఉండగా చేశాడు. ఎందుకంటే బుష్షులోని రబ్బరు మెలిపడకుండా విశ్రాంతిగా ఉన్న చోటే బిగించాలట. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే బండి దిగిన నాటి నుంచీ రబ్బరు మెలితిరిగే ఉంటుంది. ఆరు నెలల్లో చీలుతుంది. "ఆదిలాబాదు పోయినంక మళ్ళొకసారి పానా పెట్టి సూడు తమ్మీ" అని డ్రైవరుకు చెప్పి చాచా చేతులు కడుక్కున్నాడు.

*పాత ఉక్కు దేశం మీదుగా*

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి దాటేసరికి పొద్దు వాలింది. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక జగిత్యాల తానే జిల్లా అయింది. అటు పాత ఆదిలాబాదు జిల్లా నాలుగు ముక్కలయింది: ఆదిలాబాదు, నిర్మల్, మంచిర్యాల, కుమరం భీం ఆసిఫాబాద్. రోడ్డుకు మాత్రం ఈ హద్దులు పట్టవు.

కమ్మర్‌పల్లి వచ్చింది. పేరులోనే కమ్మరి కొలిమి వినిపిస్తున్నది. ఇక్కడి నుంచి లోపలికి వెళితే కోనసముద్రం అనే పల్లె. ఉక్కు చరిత్ర రాసేవారెవరూ ఆ పల్లె పేరు విడిచిపెట్టరు. ఇనుమును మట్టి మూసల్లో పెట్టి, మూతి మూసి, కొలిమిలో కరిగించి, నెమ్మదిగా చల్లార్చి ఇక్కడివారు ఉక్కు ముద్దలు తీసేవారు. పారశీక వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. పడమటి దేశాల్లో పేరుమోసిన డమాస్కస్ కత్తులకు ఇలాంటి ఉక్కే మూలం. వాయిసీ అనే ఇంగ్లీషు వైద్యుడు, భూగర్భశాస్త్రం తెలిసినవాడు, 1820 ప్రాంతాల్లో ఇక్కడి పని కళ్ళారా చూసి రాసిపెట్టాడు. ఆయన పోయిన తరువాత 1832లో అది కలకత్తాలో అచ్చయింది.

ఆ ఉక్కులో బొగ్గుపాలు నూటికి ఒకటి, ఒకటిన్నర దాకా ఉండేది. కత్తికి పదును నిలిపేది అదే. కమాను పట్టీ ఉక్కు వేరు. అందులో బొగ్గుపాలు నూటికి 0.6 దరిదాపుల్లో ఉంటుంది. సిలికాను కొంచెం కలుపుతారు. వంగి మళ్ళీ తన రూపానికి వచ్చే గుణం దాని వల్ల వస్తుంది. ఈ పల్లెల్లో కమ్మరి ఇప్పుడు ఉక్కు కరిగించడు. విరిగిన లారీ పట్టీ కొని, కాల్చి, సాగగొట్టి కొడవలీ గొడ్డలీ చేస్తాడు. ఒకనాడు ప్రపంచానికి ఉక్కు పంపిన చోటికి ఉక్కు ఇలా లారీల కింద నుంచి తిరిగి వస్తున్నది.

*గట్టు*

ఆర్మూరు దగ్గర ఎక్కిన పెద్ద రోడ్డు శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయేది. 2010కి ముందు 7వ నంబరు. ఆ తరువాత 44వ నంబరు. సోన్ దగ్గర చీకట్లో గోదావరి దాటాం. నిర్మల్ దాటితే గట్టు మొదలవుతుంది. మహబూబ్ ఘాట్ అనే పాత దారి అడవిలో మెలికలు తిరుగుతూ కొండెక్కుతుంది; వానాకాలంలో పచ్చదనం చూడటానికి కార్లలో వచ్చేవారు చాలామంది. నాలుగు వరసల కొత్త రోడ్డు వచ్చినా కొండ కొండే. బరువు బండి ఎక్కవలసిందే, దిగవలసిందే.

ఎక్కుడులో ముందు పోతున్న లారీ ఒకటి ఆగిపోయింది. మనదీ ఆగింది. వెనక ఒక కారు, దాని వెనక ఒక బస్సు. క్లీనరు కుర్రవాడు చక్రం కింద పెట్టే రాయి పట్టుకుని దూకటానికి సిద్ధమయ్యాడు. పదిహేడో పద్దెనిమిదో ఏళ్ళు ఉంటాయి. గట్టు మీద బండి వెనక్కి జారితే ముందుగా దాని పక్కన ఉండేది వాడే.

ముందు లారీ కదిలింది. మన డ్రైవరు మొదటి గేరు వేసి క్లచ్చి మెల్లగా వదిలాడు. ఏమీ జరగలేదు. అంటే బండి కదిలింది, అంతే! చప్పుడు లేదు. డ్రైవరు నా వైపు చూసి నవ్వాడు.

"మొన్నటిదాంక గిక్కడ్నే ధన్ ధన్మని ఎనక ఎవలో సుత్తెతోని కొట్టినట్టుండె సార్. సేటుకు లోడు కనపడ్తది, రాడ్డు కనపడది. కొట్టేది నాకు ఇనపడ్తది."

దిగుడు ఇంకా ముఖ్యం. ఎక్కుడులో ఇరుసు ఏ వైపు మెలి తిరుగుతుందో, బ్రేకు వేసినప్పుడు దానికి ఎదురువైపు తిరుగుతుంది. మామూలు లారీలో మెయిను పట్టీ కన్ను అప్పుడు తెగితే, ఆ పక్క ఇరుసు చోటు తప్పుతుంది. బండి ఒక పక్కకు లాగేస్తుంది. జంట ఇరుసుల లారీలో రాడ్డు ఊడితే ఇరుసుకు కట్టుబాటే ఉండదు. పక్కనే కారులో పిల్లలూ పెద్దలూ పోతుంటారు. వాళ్ళకు ఆ రాడ్డు పేరు తెలియదు. తెలియవలసిన పనీ లేదు. అది తెలిసినవాడు కరీంనగర్ షెడ్డులో పొద్దున్న గడ్డపార పోటు పొడవటమే వాళ్ళకు కావలసింది.

నేరడిగొండ, గుడిహత్నూరు దాటి అర్ధరాత్రికి ఆదిలాబాదు చేరాం.

*పత్తి యార్డులో*

తెల్లవారి పత్తి యార్డుకు వెళ్ళాను. పత్తి కాలం. బరువు తక్కువ, బొద్దు ఎక్కువ. గ్రానైటు బండ లారీ నడుములు విరిచేదయితే పత్తి లారీని లావు చేసేది. వ్యానులూ ట్రాక్టర్లూ వరస కట్టి నిలబడ్డాయి. వాటి మధ్య అక్కడక్కడా ఎడ్లబండ్లు. ఈ జిల్లా ఊళ్ళలో ఎడ్లబండి ఇంకా పోలేదు. కేస్లాపూరు నాగోబా జాతరకు మెస్రం వంశంవారు ఇప్పటికీ బండ్లు కట్టుకుని వస్తారు.

ఒక బండి దగ్గర రైతు ఎద్దులను విప్పి, నొగకు ఉన్న తాడు ఒకటి లాగి చూసుకుంటున్నాడు. వదులుగా ఉన్నట్టుంది, విప్పి మళ్ళీ బిగించి కట్టాడు. ఎవరూ చెప్పలేదు, బండి ఏమీ విరగలేదు. అది రోజూ చేసే పనే.

మన డ్రైవరు అప్పటికే బస్తాలు దింపేశాడు. లారీ కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. పానా టకటకలాడుతున్నది.

"ఏమయ్యా, వదులయ్యాయా?"

"లేదు సార్, రెండు మాత్రం ఒక సుట్టు తిరిగినయ్. చాచా సూడుమన్నడు గద!"

క్లీనరు కుర్రవాడు పక్కన కూర్చుని టీ గ్లాసు పట్టుకుని, లోపలికి తల వంచి, ఏ బోల్టు ఎక్కడుందో చూసుకుంటున్నాడు.